“బోర్డు పోయింది” అనే ముందు

శీర్షికలోని బోర్డు పరీక్షల బోర్డు కాదు, నోటీసు బోర్డూ కాదు. లాప్‌టాప్ లోపల వుండే మదర్‌బోర్డు. నిజానికి నా వ్యాసం ఆ బోర్డు గురించి కూడా కాదు. లాప్‌టాప్ పక్కన హెడ్‌ఫోన్ పిన్ గుచ్చడానికి మూడున్నర మిల్లీమీటర్ల కన్నం ఒకటి వుంటుందే, దాని గురించి. విద్యార్థి సంఘం వార్షిక సంచికలో విద్యావిధానం గురించో, నిరుద్యోగం గురించో రాయాలి గాని ఈ కన్నం గొడవేమిటని పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. ఆ రెండింటికీ ఈ కన్నానికీ చుట్టరికం వుందనే నా వాదన.

జరిగేది ఇది. నిన్నటిదాకా బాగా మోగిన హెడ్‌ఫోన్ ఇవాళ పెడితే మూగ. లేదా ఒక చెవిలోనే వినిపిస్తుంది. లేదా గరగర. మనవాడు నాలుగుసార్లు పీకి గుచ్చుతాడు, రెండుసార్లు లాప్‌టాప్ ఆపి ఆన్ చేస్తాడు, ఆపైన సంచీలో పెట్టుకుని రిపేరు షాపుకు పరుగెత్తుతాడు. అక్కడ పట్టుమని రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: “బోర్డు పోయింది తమ్ముడూ, తొమ్మిదివేలు అవుతుంది.” అందరు మెకానిక్కులూ ఇలాగే అంటారని నేననను. కోఠీ గుజరాతీ గల్లీలో గాని, సికింద్రాబాదు సి.టి.సి.లో గాని మన ప్రొఫెసర్లకు కూడా పాఠం చెప్పగల పనివాళ్లున్నారు. కానీ ఏమీ చూసుకోకుండా వెళ్లినవాడికి మంచి పనివాడు దొరికాడో, మరొకడు దొరికాడో తెలిసే దారి ఏదీ?

మా హాస్టల్లో ఒక మిత్రుడికి ఈ తీర్పే దొరికింది. మర్నాడు పొద్దున పదింటికి ఉద్యోగం ఇంటర్వ్యూ, అదీ లాప్‌టాప్‌లోనే. ఇంటికి ఫోను చేసి తొమ్మిదివేలు అడగడానికి అతనికి నోరు రావడం లేదు. పక్క గదిలో వుండే హిస్టరీ విద్యార్థి వచ్చి ఆ హెడ్‌ఫోన్ తీసి తన పాత ఫోనులో పెట్టాడు. అందులో కూడా ఎడమ చెవి మోగలేదు. తన ఇయర్‌ఫోన్లు తీసి లాప్‌టాప్‌లో పెట్టాడు. రెండు చెవులూ మోగాయి. అంతే, విషయం తేలిపోయింది. లాప్‌టాప్ నిక్షేపంలా వుంది. పిన్ మెడ దగ్గర, వైరు రోజూ వంగి వంగి, లోపలి సన్నటి తీగ తెగింది. ఇంటర్వ్యూ ఆ అరువు ఇయర్‌ఫోన్లతోనే జరిగింది. ఆ సమయానికి గదిలో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్లు ముగ్గురున్నారన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

ఆ హిస్టరీ విద్యార్థి చేసింది రెండు ప్రయోగాలు. మన హెడ్‌ఫోన్ ఇంకొక యంత్రంలో, ఇంకొక హెడ్‌ఫోన్ మన యంత్రంలో. ఈ రెండింటితో రోగం వైరుదా, లాప్‌టాప్‌దా అన్నది తొంభై పాళ్లు తేలిపోతుంది. పైసా ఖర్చు లేదు. అయినా మనకు అది తోచదు. ఎందుకు తోచదు?

ట్రాన్సిస్టర్ రేడియోల రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఒక రేడియో మెకానిక్ వుండేవాడు. డిగ్రీ వుండేది కాదు. మూగబోయిన రేడియో తెస్తే ముందు బ్యాటరీలు చూసేవాడు, తర్వాత స్పీకరు వైరు చూసేవాడు. ఆ రెండూ బాగుంటే, వెనక మూత తీసి వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలును స్క్రూడ్రైవరు కొసతో తాకేవాడు. స్పీకరులో బుర్రుమంటే అక్కణ్ణించి స్పీకరు దాకా అంతా బాగున్నట్టే, తప్పు వెనక భాగంలో వున్నట్టే. బుర్రుమనకపోతే ముందు భాగంలో. ఒక్క తాకుడుతో సగం రేడియోను పక్కన పెట్టేసేవాడు. మిగిలిన సగంలో మళ్లీ సగం. ఇది గొప్ప తర్కశాస్త్రం అని అతనికి ఎవరూ చెప్పలేదు. మనకు తర్కశాస్త్రం చెప్పారు గాని స్క్రూడ్రైవరు ఇవ్వలేదు.

మన ప్రాక్టికల్సు తీరు చూడండి. సర్క్యూటు ముందే బిగించి వుంటుంది, పని చేస్తుంది, మనం రీడింగులు రాసుకుంటాం, గ్రాఫు గీస్తాం. సర్క్యూటు పని చెయ్యకపోతే అటెండరుగారిని పిలుస్తాం, ఆయన ఒక వైరు కదిలిస్తాడు, పని చేస్తుంది. ఆయన ఏ వైరు, ఎందుకు కదిలించాడో రికార్డులో రాయం. మార్కులు వున్నవన్నీ బాగున్న యంత్రానికే. చెడిపోయిన యంత్రం ముందు మనిషి ఏం చెయ్యాలన్నదానికి మార్కు లేదు. బయట ఉద్యోగంలో పిలుపు వచ్చేది మాత్రం యంత్రం చెడిపోయినప్పుడే.

సరే, కన్నం దగ్గరికి వద్దాం. ఈ జాతి పిన్నుకు పెద్ద చరిత్ర వుంది. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటర్లు కాలును కాలుతో కలపడానికి గుచ్చిన పావు అంగుళం పిన్ దీని తాత. 1950ల్లో ట్రాన్సిస్టర్ రేడియోల ఇయర్‌ఫోన్ల కోసం అది మూడున్నర మిల్లీమీటర్లకు చిక్కింది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక ప్రపంచమంతా పాకింది. ఆపిల్ కంపెనీ 2016లో ఐఫోన్ 7 నుంచి దాన్ని తీసేసింది, మిగతావాళ్లు కొందరు అదే దారి పట్టారు. లాప్‌టాప్‌లు మాత్రం చాలావరకు దాన్ని వదల్లేదు.

పిన్ను దగ్గరగా చూస్తే నల్లటి గీతలతో విడగొట్టిన లోహపు భాగాలు కనిపిస్తాయి. కొన ఎడమ చెవిది. తర్వాతి ఉంగరం కుడి చెవిది. మిగిలినది రెండింటికీ ఉమ్మడి తిరుగుదారి, అంటే గ్రౌండు. మైకు కూడా వున్న సెట్టుకు నాలుగో భాగం వుంటుంది. ఇక్కడే ఒక చిత్రమైన రోగం పుడుతుంది. పాట పెడితే వాయిద్యాలు వినిపిస్తాయి, గాయకుడి గొంతు మాత్రం బావిలోంచి వస్తున్నట్టో, అసలు లేనట్టో వుంటుంది. గ్రౌండు దారి అందనప్పుడు ఎడమకూ కుడికీ మధ్య వున్న తేడా మాత్రమే చెవికి చేరుతుంది. గొంతును రెండు వైపులా సమానంగా కలుపుతారు కాబట్టి అది కొట్టుకుపోతుంది. ఇలాంటి సెట్టులో ఘంటసాలవారి పాత మోనో పాట పెడితే దాదాపు ఏమీ వినపడదు. ఈ మధ్య స్టీరియో సినిమా పాట పెడితే వయొలిన్లు సుబ్బరంగా మోగుతాయి. క్లాసు రికార్డింగులు కూడా చాలావరకు మోనోయే. అంచేత “పాటలు వస్తున్నాయి, పాఠాలే రావడం లేదు” అని ఎవరైనా వాపోతే అది సోమరితనం అనుకోకండి, గ్రౌండు చూడండి.

ఈ గ్రౌండు అందకపోవడానికి వైరు తెగడం ఒక కారణం, పిన్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ఇంకొకటి. మూడోది, నాలుగు భాగాల పిన్నుల్లో వున్న రెండు సంప్రదాయాలు. సి.టి.ఐ.ఎ. పద్ధతిలో గ్రౌండు ముందు, మైకు చివర. ఓ.ఎం.టి.పి. పద్ధతిలో తారుమారు. పాత సెట్టు ఒక రకం, లాప్‌టాప్ ఇంకో రకం అయితే ఇద్దరూ మంచివాళ్లే, కాపురం కుదరదు. మైకు దగ్గర బొత్తాం నొక్కి పట్టుకుంటే గొంతు తిరిగి వస్తోందా? అయితే ఇదే సంగతి. చిన్న అడాప్టరుతో తీరుతుంది, బోర్డుతో పనిలేదు. ఫిజిక్సు మిత్రులకు ఒక మాట: మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి, ఒక కొసను గ్రౌండుకూ ఒక కొసను పిన్ కొనకూ తాకించండి. వైరు బాగుంటే ఆ చెవిలో టిక్కుమంటుంది, మీటరు ముప్ఫై ఓమ్‌లకు అటూ ఇటూగా ఏదో చూపుతుంది. తెగితే టిక్కూ లేదు, అంకే లేదు.

వైరు బాగుండి లాప్‌టాప్ వైపే అనుమానం మిగిలితే టార్చి వేసి కన్నంలోకి చూడాలి. సంచీలో పేరుకునే నూగు, దుమ్ము, అప్పుడప్పుడూ విరిగిన పాత పిన్ కొన లోపల ఇరుక్కుని వుంటాయి. పిన్ ఒక మిల్లీమీటరు తక్కువ దిగినా చాలు, ఒక చెవి పోతుంది. లాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జరు పీకి, చెక్క పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త తడిపి మెల్లగా తిప్పాలి. సూది, పిన్నీసు లాంటివి పెట్టారో, లేని రోగం తెచ్చుకున్నట్టే. లోపల వున్నవి సన్నటి స్ప్రింగు రేకులు.

ఆ రేకుల్లో ఒకటి స్విచ్చు. పిన్ దిగగానే అది కదులుతుంది, సౌండ్ చిప్పుకు కబురు అందుతుంది, స్పీకర్లు ఆగి ధ్వని హెడ్‌ఫోన్‌కు మళ్లుతుంది. ఈ స్విచ్చు ఇరుక్కుంటే తమాషా. హెడ్‌ఫోన్ తీసేసినా లాప్‌టాప్ వున్నట్టే భ్రమపడుతుంది, స్పీకర్లు మోగవు. లేదా పిన్ పెట్టినా పెట్టనట్టే వుండి స్పీకర్లు లైబ్రరీ అంతా వినిపించేట్టు మోగుతాయి. పాత మాక్‌బుక్కుల్లో కొన్నింటికి ఇదే కన్నంలోంచి వెలుతురు ద్వారా ధ్వని పంపే ఏర్పాటు కూడా వుండేది. స్విచ్చు ఇరుక్కుంటే లోపల ఎర్రటి వెలుగు కనిపించి, స్పీకర్లు మూగబోయేవి. ఆ ఎర్ర దీపం చూసి ఎంతమంది హడలిపోయారో! పిన్‌ను పదిసార్లు మెల్లగా పెట్టి తీస్తే చాలాసార్లు స్విచ్చు దారికొస్తుంది.

ఇక కనపడని వైపు. సెమినార్ హాల్లో ప్రొజెక్టరుకు లాప్‌టాప్ తగిలించినప్పుడు ధ్వని కూడా హెచ్.డి.ఎం.ఐ. తీగవెంట వెళ్లిపోతుంది. కొన్నిసార్లు తీగ పీకేసినా సెట్టింగు తిరిగి రాదు. బ్లూటూత్ స్పీకరు పక్క గదిలో ఆన్‌లో వుంటే మన పాఠం అక్కడ మోగుతుంది. విండోస్‌లో గడియారం పక్కన స్పీకరు బొమ్మ నొక్కి అవుట్‌పుట్ ఎటు పోతోందో చూడడానికి అర నిమిషం చాలు. ఒక్క చెవే మోగుతుంటే అక్కడే బాలెన్సు కూడా చూడాలి. మైకు వినపడకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో ఆ ప్రోగ్రాముకు మైకు అనుమతి వుందో లేదో చూడాలి. అప్‌డేట్ అయిన మర్నాడే మూగబోతే డివైస్ మేనేజర్లో సౌండ్ డ్రైవరు మీదికి వెళ్లి ‘రోల్ బ్యాక్’ చెయ్యాలి. లినక్సు వాడేవాళ్లు టెర్మినల్లో ఆల్సామిక్సర్ తెరిచి హెడ్‌ఫోన్ గీత కింద ఎం.ఎం. అని వుందేమో చూసి, వుంటే ఎం నొక్కాలి. చార్జరు పెట్టినప్పుడే గుయ్‌మంటూ, పీకేస్తే ఆగిపోతుంటే అది కన్నం తప్పు కాదు, కరెంటు వైపు ఎర్తింగు తప్పు.

ఇవేవీ తేలకపోతే రేడియో మెకానిక్ తాకినట్టు నడిమిలో తాకే ఉపాయం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించి, లాప్‌టాప్‌లో ఏమీ మార్చకుండా దాన్నుంచి నడిపి చూడండి. అందులో హెడ్‌ఫోన్ మోగితే కన్నమూ చిప్పూ బాగున్నట్టు రుజువైపోయింది. తప్పు విండోస్‌లో వుంది. బోర్డు పోయిందన్నవాడికి ఇదే జవాబు. అందులో కూడా మోగకపోతే మాత్రం తొందరపడి బోర్డును నిందించకూడదు, కొన్ని కొత్త లాప్‌టాప్‌ల సౌండు లినక్సుకు సరిగా చిక్కదు. ఒకవైపు ‘అవును’ రుజువు, ఇంకోవైపు ‘కాదు’ రుజువు కాదు. ఈ తేడా పట్టుకోవడానికే మనం చదువుకుంటున్నామని నా ఉద్దేశం.

నిజంగానే కన్నం పోయే సందర్భాలూ వున్నాయి. పిన్ వున్నప్పుడు లాప్‌టాప్ కింద పడితే టంకం వూడుతుంది, రేకు విరుగుతుంది. అప్పుడు కూడా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ మోడల్లో కన్నం పెద్ద బోర్డు మీదే వుందా, యు.ఎస్.బి. కన్నాలతో కలిపి విడిగా చిన్న బోర్డు మీద వుందా? చాలా మోడళ్లలో విడిగానే వుంటుంది. అది మార్చడం వేరు, మదర్‌బోర్డు మార్చడం వేరు. డెల్, హెచ్.పి., లెనోవో కంపెనీలు ఎన్నో మోడళ్లకు విప్పే పద్ధతి చెప్పే మాన్యువళ్లు ఉచితంగానే ఇస్తున్నాయి. అది చూసి వెళ్లినవాడితో షాపులో మాట్లాడే తీరే వేరుగా వుంటుంది. వారంటీ వున్న యంత్రం మాత్రం విప్పకండి. పైన చెప్పిన పరీక్షలకు ఒక్క మర కూడా తియ్యక్కర్లేదు. అసలు ఏమీ చెయ్యలేకపోతే యు.ఎస్.బి.కి తగిలించే చిన్న సౌండ్ అడాప్టరు కొద్ది వందల రూపాయలకు దొరుకుతుంది. కన్నం చచ్చినా లాప్‌టాప్ బతుకుతుంది.

“ఇంతకీ ఈ రోజుల్లో వైర్లెవరు వాడుతున్నారయ్యా, బ్లూటూత్ కొనుక్కుంటే పోలా?” అని నా మిత్రుడొకడు అన్నాడు. కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. అది రాత్రి చార్జింగు పెట్టడం మరిచిపోతే పరీక్ష మధ్యలో చస్తుంది, ధ్వని ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, రెండుమూడేళ్లకు బ్యాటరీ పోతే చాలావాటిని విప్పే వీలే లేదు. ఆ ఆలస్యం మీకూ నాకూ లెక్కలోది కాదు. ఒకరికి మాత్రం అది నరకం.

మన కళాశాలలో చూపు లేని విద్యార్థులున్నారు. వాళ్లు లాప్‌టాప్‌ను వింటారు. ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత ప్రోగ్రాము తెర మీది ప్రతి అక్షరాన్నీ చదివి వినిపిస్తుంది. తెలుగు చదివే గొంతు కూడా అందులో వుంది. ఒక మీట నొక్కగానే ఒక మాట రావాలి. ప్రతి మాటా ఆలస్యంగా వస్తే పేజీ దాటేసరికి ప్రాణం విసుగుతుంది. కాబట్టి చాలామంది వైరు హెడ్‌ఫోనే పెట్టుకుంటారు. ఆ కన్నం మూగబోయిందంటే వాళ్లకు పోయింది పాట కాదు, పుస్తకం. పైగా బాగు చేసుకునే దారి కూడా అదే క్షణంలో మూసుకుపోతుంది. “కుడివైపు కింద స్పీకరు బొమ్మ నొక్కండి” అన్న సలహా చూడగలిగేవాడికి సలహా. సెట్టింగు మార్చాలంటే చదివి వినిపించేది కావాలి, చదివి వినిపించాలంటే సెట్టింగు మారాలి. అలాంటప్పుడు యు.ఎస్.బి. హెడ్‌సెట్ ఒకటి తగిలిస్తే చాలాసార్లు విండోస్ దాన్నే అవుట్‌పుట్‌గా తీసుకుని మళ్లీ మాట్లాడడం మొదలుపెడుతుంది. లైబ్రరీ కౌంటరులో అలాంటి హెడ్‌సెట్లు రెండు వుంచడానికి ఏ కమిటీ కావాలి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థలు తగిన సదుపాయాలు కల్పించాలని స్పష్టంగా చెబుతోంది. ర్యాంపులు కట్టి ఫొటోలు దిగాం, సంతోషం. ఈ రెండు హెడ్‌సెట్లకు ప్రారంభోత్సవం అక్కర్లేదు కాబట్టే ఆలస్యమవుతోందేమో.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది, ఆ ఏడాదే దాని కోసం ఒక పోర్టలు కూడా తెరిచింది. మంచిదే. కానీ హక్కు కాగితం మీద వచ్చినంత మాత్రాన చేతికి పని రాదు. పరీక్ష చెయ్యడం తెలియనివాడు ఏ హక్కుతో వెళ్లినా షాపులో చెప్పింది విని డబ్బు కట్టి రావలసిందే.

అందుకని లెక్చరర్లకు ఒక విన్నపం. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క ప్రశ్న, కావాలని చెడగొట్టిన సెట్టు ఇచ్చి తప్పు కనుక్కోమనండి. దొరికిందా లేదా అన్నదానికి సగం మార్కులు, ఏ వరసలో వెతికాడో రాసినదానికి సగం. కష్టమంటారా? చెడిపోయిన సామాను మన లేబొరేటరీల్లో కొదవా?

సంఘానికి నా ప్రతిపాదన ఇంకా చిన్నది. లైబ్రరీ వరండాలో ఒక బల్ల, వారానికొక సాయంత్రం. దాని మీద బాగా మోగుతుందని తెలిసిన హెడ్‌ఫోన్ ఒకటి, యు.ఎస్.బి. అడాప్టర్లు రెండు, ఉబుంటు పెన్‌డ్రైవ్, మల్టీమీటరు, టార్చి, పుల్లలు, ఆల్కహాలు సీసా. పూర్వ విద్యార్థులు ఏటా వార్షికోత్సవానికి శాలువలు పంపిస్తున్నారు. ఈసారి ఒక మంచి టంకం కడ్డీ పంపిస్తే వాడుకుంటాం. బల్ల దగ్గర కూర్చునేవాళ్లు ఎలక్ట్రానిక్స్ వాళ్లే కానక్కర్లేదు, ఆ హిస్టరీ విద్యార్థిని ముందు అడగాలి. ఒక నోటుపుస్తకంలో వచ్చిన ప్రతి కేసూ రాయాలి: ఏం వినపడలేదు, ఏం చేశారు, ఏం తేలింది. చెవిలో పెట్టుకుని వాల్యూమ్ నూటికి పెంచి కన్నం కెలకొద్దని మొదటి పేజీలోనే ఎర్రసిరాతో రాయాలి, కనెక్షను హఠాత్తుగా అందితే చెవి పగిలినంత పనవుతుంది. బల్ల సంఘం గదిలోనే వుంది. ఒక కాలు కురచ. కింద పెట్టడానికి మన పాత సంచికలు కట్టలు కట్టలుగా పడి వున్నాయి.